ప్రేమ్ కుమార్ గోడ

“ఆ బొంతల మీద సెయ్యేసేవంటే మాత్రం, ఈ ఇంట్లో నేను మెతుకు ముట్టనే మిరియం. సెప్తన్నాను.”

ఏసుదానం ఆ మాట అనేసరికి బొంత సగం ట్రంకుపెట్టెలో, సగం మిరియం చేతిలో ఉంది. గుంట ఆగలేదు. ఆగే రకమైతే ఆ తండ్రికి కూతురెందుకవుతుంది? మిగతా సగం కూడా బయటికి లాగి చంకన పెట్టుకుని, ఇంకోదాని కోసం వంగింది.

“నిన్నట్నుంచీ ముట్టట్లేదు కదా నాన్నా. ఇప్పుడు కొత్తగా మానేసేదేటుంది?”

“సూసేవా దీని నోరు? సూసేవా?” అన్నాడు ఏసుదానం. ఆ మాట కూతురితో కాదు, పెళ్లాంతో.

మణెమ్మ వంటింటి గుమ్మంలో ఉప్మా పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఉప్మా చల్లారిపోయి చాలాసేపయింది. ఎవరి వైపు అడుగేసినా రెండోవాళ్లు దాన్ని ఓటు కింద లెక్కేస్తారని ఆమె భయం. ఆ ఇంట్లో ఇప్పుడు మంచినీళ్ల గ్లాసు అందించడం కూడా ఒక పక్షంలో చేరడమే అయిపోయింది.

“ఇదిగో, రెండు ముద్దలు తిని ఆనక తిట్టుకోండి” అంది చివరికి.

ఇదిగో అంటే మొగుడు. పూర్వం “ప్రేమ్ నాన్నా” అని పిలిచేది. పెద్దకొడుకు పేరు కలిపి మొగుణ్ణి పిలుచుకోవడం ఆ వీధి ఆడవాళ్లందరికీ అలవాటే. కొడుకుని సమాధుల తోటలో పెట్టి వచ్చిన రోజు నుంచీ ఆ పిలుపు ఆమె నోటికి రాలేదు. “మిరియం నాన్నా” అందామని ఒకటి రెండుసార్లు చూసింది. ఏదో దొంగతనం చేస్తున్నట్టు అనిపించి మానుకుంది. ఆ తరవాత అంతా ‘ఇదిగో’తోనే గడిచిపోతోంది.

“నాకొద్దు” అన్నాడు ఏసుదానం. “నా కొడుకు పేరు మీద పాత బొంతలు ఆరేస్తానంటే నేను ఉప్మా తింటూ కూకోవాలా?”

“ఆరెయ్యడం కాదు నాన్నా, కట్టి సూడ్డం. గంట సేపు. అంతే.”

“గంటయినా వొద్దు.”

గొడవంతా ఒక గోడ గురించి. గోడలు అడ్డం పడి అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లున్నాయి గానీ, దేవుడి మందిరంలో గోడ కోసం తండ్రీ కూతుళ్లు మొహమొహాలు చూసుకోని ఇల్లు చోడవరం మొత్తానికి ఇదొక్కటే అయుంటుంది.

ప్రేమ్ కుమార్ పోయేనాటికి వాళ్ల సంఘం పాత పెంకుల మందిరం పడగొట్టి కొత్తది కడుతోంది. వడ్డాది రోడ్డులో, మునిమాపు వేళ, వెనక లైటు లేని చెరుకు ట్రాక్టరుని గుద్దుకుని కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. సంఘంలో ఎవరు పోయినా వాళ్ల పేరు మీద మందిరానికి ఏదో ఒకటి ఇవ్వడం ఆనవాయితీ. ఫ్యాను రెక్కల మీద పేర్లు, గోడగడియారం మీద పేరు, ప్రసంగ పీఠం మీద పేరు. చివరికి చెప్పులు విడిచే చోట పెట్టిన ఇనప స్టాండు మీద కూడా ఎవరి తాత పేరో ఉంటుంది.

అందరూ ఫ్యానులిస్తే ఏసుదానం గోడ ఇచ్చాడు. షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, పని తెలిసినవాడు. వాక్యం చెప్పే అయ్యగారికి ఎదురుగా ఉండే గోడని నేల నుంచి కప్పు దాకా తెల్లటి టైల్స్‌తో నింపేశాడు. ముఖం కనబడేంత నున్నటివే కావాలని అనకాపల్లిలో కొట్టు కొట్టూ తిరిగాడు. మేస్త్రీ పక్కన నిలబడి ఒక్కొక్క పలకా తన చేత్తోనే అందించాడు. మధ్యలో నల్లరాయి, దాని మీద బంగారు రంగు అక్షరాలు. ప్రేమ్ కుమార్ జ్ఞాపకార్థం. అయ్యగారు తలెత్తితే ముందు కనబడేది వాడి పేరే.

ఆ గోడ చూడటానికి దేవరాపల్లి నుంచి కూడా మనుషులొచ్చారు. ప్రతిష్ఠ రోజున అయ్యగారు మైకు అందుకుని నోరు తెరిచారు. అంతే! ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. అన్న మాట వెళ్లి ఆ గోడకి తగిలి, తిరిగొచ్చి, తరవాతి మాట మీద పడుతోంది. ముందు వరసలో ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అర్థమైనట్టు ఆమెన్ అన్నారు.

“స్పీకర్లు మంచివి కావు” అని తేల్చేశాడు ఏసుదానం. అక్కడ మొదలైంది.

మొదట పెద్ద పెట్టెల్లాంటివి తెచ్చారు. డ్రమ్ము కొడితే కిటికీ అద్దాలు వణికాయి తప్ప మాట మాత్రం తేలలేదు. తరవాత సంఘ పెద్దలంతా కారు కట్టించుకుని వైజాగ్ వెళ్లారు. షోరూములో కింద మెత్తటి తివాచీ, చుట్టూ సోఫాలు, గోడలకి గుడ్డ. అక్కడ ఒక్కొక్క అక్షరం ముత్యంలా పలికింది. ఇదేనయ్యా మనక్కావలసింది అని పొంగిపోయి తెచ్చి మందిరంలో బిగిస్తే, మళ్లీ మాటలన్నీ గుజ్జు. సోఫాలో కూర్చుని విన్నది బండల మీద ఎలా పలుకుతుందని ఇంతమంది పెద్దల్లో ఒక్కరికి తట్టలేదు.

ఇప్పుడు వచ్చింది మూడో జత. విదేశీ సరుకు. సన్నగా, పొడుగ్గా, స్తంభాల్లా ఉంటాయి. కప్పు మీదకి కాకుండా మనుషుల మీదకే మాటని పంపుతాయట. వాటితో పాటు వచ్చిన ఇంజనీరు ఉమామహేష్ నిన్న మందిరం మధ్యలో నిలబడి రెండు చేతులూ గట్టిగా చరిచాడు. ఆ చప్పుడు చచ్చేదాకా విన్నాడు. మళ్లీ చరిచాడు. మళ్లీ విన్నాడు.

“అంకుల్, ఇంతకంటే మంచి స్పీకరు నా దగ్గర లేదండి” అన్నాడు నెమ్మదిగా. “ఉన్నా మీకు అమ్మను. ఇది స్పీకరుతో పోయే జబ్బు కాదు. కింద తివాచీలు పరవండి, కిటికీలకి కర్టెన్లు వెయ్యండి, సగం తగ్గుతుంది. మిగతా సగం ఆ గోడ. టైల్స్ తీసెయ్యాలి, లేదంటే మొత్తం మెత్తటి పలకలతో మూసెయ్యాలి. నమ్మకం లేకపోతే రేపు నాలుగు బొంతలు వేలాడదీసి వినండి, మీకే తెలుస్తుంది.”

ఆ మాటతోనే ఏసుదానం ఇంటికొచ్చేశాడు. ఆ పూట నుంచే కంచం ముందు కూర్చోవడం మానేశాడు.

“పేరు తీసెయ్యమని ఎవరన్నారు నాన్నా?” మిరియం మూడో బొంత కూడా తీసి మంచం మీద పడేసి, తండ్రి ఎదురుగా నిలబడింది. “మెత్తటి పలకలు ఏసేక, వాటి మీదే ఆ నల్లరాయి మళ్లీ బిగిద్దాం. ఇంకా పెద్దక్షరాలు పెట్టిద్దాం. అవుతాదన్నారు ఆయన. పేరూ పోదు, గోడా పోదు. మరేటి నీ బాధ?”

“నాకేటీ బాధ లేదు.”

“మరెందుకొద్దంటన్నావు?”

ఏసుదానం పెదవి కదిపాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మణెమ్మకీ అదే అంతుపట్టడం లేదు. పేరుంటుంది, గోడుంటుంది. మరి ఈ మనిషి దేనికి ఇంతలా కొట్టుకుంటున్నాడు? అడగాలనే ఉంది ఆమెకి. అడిగితే ఏం బయటపడుతుందోనని దడ. కొడుకు పోయాక మొగుడి మౌనాలని కదిపి చూడటం ఆమె మానేసింది. కదిపినప్పుడల్లా ఇంకో కొత్త దుఃఖం లేచి కూర్చుంటోంది.

“అయ్యగారి గొంతు పోతోంది నాన్నా” అంది మిరియం, ఈసారి కాస్త తగ్గి. ఆమె బళ్లో టీచరు, మందిరంలో క్వయిరు నడుపుతుంది. గొంతు పోవడమంటే ఏమిటో తెలిసినదే. “అరిసి అరిసి మాట రాట్లేదు ఆయనకి. ముసలోళ్లు మందిరానికొచ్చి ఏటి సేస్తాం, ఇంట్లో బైబిలు సదువుకుంటాం అంటన్నారు. సగం మంది వడ్డాదిలో మందిరానికి ఎల్లిపోతన్నారు. స్పీకర్లు ఉంచాలో పట్టుకెల్లాలో ఇవాళ సెప్పెయ్యాల. పెద్దలందరూ మన మీదే పెట్టేరు.”

“పట్టుకెల్లిపోమను.”

“మరి రేపు అన్నయ్య పాటో?”

రేపు ఆదివారం ప్రేమ్ జ్ఞాపకార్థ కూడిక. వాడు తనే రాసుకుని, అనకాపల్లిలో చిన్న స్టూడియోలో పాడి రికార్డు చేయించుకున్న పాట ఒకటుంది. ఒకే ఒక్కటి. దాన్ని కొత్త స్పీకర్లలో పెట్టాలని సంఘం ముచ్చటపడింది. మణెమ్మ ఆ పాటని ఫోనులో విన్నది గానీ, ఫోనులో వాడి గొంతు అగ్గిపెట్టెలో పెట్టినట్టు చిన్నగా, సన్నగా ఉంటుంది. అది వాడి గొంతు కాదు. నిలబడి, ఛాతీ విరుచుకుని పాడేవాడు వాడు. ఆ గొంతు ఒక్కసారి వినాలని తల్లికి ఎంత ఆశగా ఉందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే అదీ ఒక ఓటే అవుతుంది.

కానీ ఇప్పుడు కాళ్లే చెప్పేశాయి. పళ్లెం బల్ల మీద పెట్టి, మంచం మీది బొంతలు రెండు ఎత్తి భుజాన వేసుకుంది.

“నేనూ వస్తాను పదవే.”

ఏసుదానం తలతిప్పి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. బస్సు వెళ్లిపోయాక స్టాండులో మిగిలిపోయినవాడు చూసినట్టు చూశాడు. మణెమ్మ ఆ చూపు ముందు నిలబడలేక గుమ్మం దాటేసింది.

*

వీధిలో ఎదురింటి అచ్చియ్యమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.

“ఏటే మణెమ్మా, ఇన్ని బొంతలు? ఏట్లో పిండడానికా?”

“కాదక్కా. మందిరంలో గోడకి కట్టాల.”

“గోడకి కప్పుతారా? దానికి జొరమొచ్చిందేటే?”

మిరియంకి నవ్వొచ్చింది. పొద్దుట్నుంచి ఆ గుంట మొహం మీద నవ్వు అదే మొదలు. సంగతి చెప్పింది. ప్రేమ్ పాట అనేసరికి అచ్చియ్యమ్మ చేతిలో చింతపండు చాటలో పడేసి లోపలికి పోయింది. కాసేపట్లో తలకి మించిన మోపుతో బయటికొచ్చింది.

“మా కొడుకు పరదేశి కప్పుకున్నాది కూడా లాగేసేను. పట్టపగలు ఆడికేటి బొంత? మా ఇంట్లో ఉన్నన్నీ ఇవే. సాలకపోతే సెప్పండి, నేను కట్టుకున్న కోకలున్నాయి. నా సేతి బెల్లం ముక్క తినని రోజుందా ఆ గుంటడు?”

ఆమె కూడా వెంట నడిచింది. మతం వేరు గానీ, ప్రేమ్ శవం వచ్చిన రోజున మణెమ్మ తలని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఈమే.

మందిరంలో ఉమామహేష్ వైర్లు సర్దుతున్నాడు. అయ్యగారు మెడకి మఫ్లరు చుట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. వందనాలు చెప్తే చెయ్యెత్తారు తప్ప మాట రాలేదు. పీఠానికి రెండు పక్కలా ఆ నల్లటి స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఎదురుగా గోడ. పొద్దుటి ఎండ కిటికీలోంచి పడి, గోడ మొత్తం నీళ్లలా మెరుస్తోంది. అంత అందమైన గోడ మీద కోపం తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు.

“ముందు ఉత్తి గోడతో వినండమ్మా” అన్నాడు ఉమామహేష్. “అప్పుడే తేడా తెలుస్తుంది.”

మణెమ్మ ఆడవాళ్ల వైపు, ఎప్పుడూ తను కూర్చునే చోట, బండ మీద చతికిలబడింది. కొంగు చివర గుప్పిట్లో పట్టుకుంది.

పాట మొదలైంది. గొంతు పెద్దదే. వాడిదే. కానీ మాటలేవి? ఒక మాట పుట్టి నిలబడేలోగా ముందటి మాట వెనక్కొచ్చి దాన్ని తొక్కేస్తోంది. ఆ... ఓ... ఆ... అని ఒక పెద్ద గాలి గదంతా తిరుగుతోంది. జాతరలో తప్పిపోయిన పిల్లాడు ఎక్కడి నుంచో పిలుస్తుంటే జనంలో ఏ దిక్కో తెలియనట్టుంది ఆమెకి. ఉన్నాడు. ఇక్కడే ఉన్నాడు. ఏమంటున్నాడో తెలియడం లేదు. మణెమ్మకి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆ వినబడేది కూడా వినబడదేమోనని పళ్లు బిగపట్టింది.

“ఆపెయ్ బాబూ” అంది అచ్చియ్యమ్మే. “తల్లి సూడు ఎలగయిపోతందో.”

బొంతలు కట్టారు. మిరియం నిచ్చెనెక్కింది. ఉమామహేష్ ప్లాస్టిక్ తాడు లాగి బిగించాడు. పువ్వుల కోకలతో కుట్టినవి, లుంగీ ముక్కలవి, అంచుల దగ్గర పీచు లేచినవి, ఒక్కొక్కటే తెల్లటి గోడ మీద వరసగా దిగాయి. పరదేశి బొంత మీద బీడీ కాల్చిన మచ్చ కూడా స్పష్టంగా కనబడుతోంది. దేవుడి మందిరం కాస్తా చాకలి రేవులా తయారైంది.

చివరికి నల్లరాయి మిగిలింది. మిరియం చేతిలో బొంతతో నిచ్చెన మీద ఆగిపోయింది. ఇంత వాదించిన గుంట, అన్న పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యాడక కిందికి చూసింది.

“దిగవే. ఆ బొంత ఇటు తే” అంది మణెమ్మ.

మోకాళ్ల నొప్పి మనిషి నిచ్చెనెక్కింది. నిద్రలో కాళ్లు బయటపెట్టుకుంటే లేచి వాడికి ఎలా కప్పేదో, అలాగే కప్పింది. కింద అంచు సర్దింది కూడా. దిగి, మళ్లీ తన చోటికి వచ్చి కూర్చుంది.

“ఊఁ” అంది.

ముందు ఊపిరి వినబడింది.

పాట కంటే ముందు వాడు ఊపిరి పీల్చుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, పాట ఎత్తుకునే ముందు ముక్కుతో గట్టిగా పీలుస్తాడు. నాన్న తిట్టేవాడు, పీల్చింది సాల్లేరా పాడూ అని. ఆ ఊపిరి మణెమ్మ చెవి పక్కనే వినబడింది. ఆమె అప్రయత్నంగా పక్కకి జరిగి చోటిచ్చింది.

‘పొలం గట్టున నడిచొచ్చే ప్రభువా, మా పాక సిన్నది, వంగి రా...’

సిన్నది! స్టూడియో వాళ్లు ఎన్నిసార్లు సరిచేశారో, వాడు మాత్రం మార్చుకోలేదట. అమ్మ అలాగే అంటాది, నేనూ అలాగే అంటాను అన్నాడట. మణెమ్మ అది ఇప్పుడు విన్నది. వంగి రా అనే ముందు గుటక మింగడం విన్నది. పాదం చివర నవ్వు దాచుకోవడం విన్నది. వాడు దూరం నుంచి కాదు, ఎదురుగా నిలబడి పాడుతున్నాడు. చెయ్యి చాపితే చొక్కా గుండీ తగిలేటట్టు ఉన్నాడు. ఆనందమా, దుఃఖమా అంటే ఆమెకే తెలియదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లు మాత్రం మూయకుండా కూర్చుంది.

పాట అయిపోయింది. అయిపోయిన చోటే, కోసేసినట్టు అయిపోయింది. బొంతలు వేలాడుతున్న ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

“దేవుడికి స్తోత్రం” అన్నారు అయ్యగారు. బొంగురు గొంతే గానీ ప్రతి అక్షరం అందరికీ అందింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “అమ్మా, నా మాట మీకు వినబడుతోందా?”

“వినబడతంది అయ్యగారూ” అంది మిరియం. ఏడుస్తూనే తల్లి చెయ్యి పట్టుకుని ఊపింది. “సూసేవా అమ్మా? ఇదే. ఇదే నేను మొత్తుకున్నాది.”

అప్పుడు గుమ్మం దగ్గర అలికిడైంది. ఏసుదానం చెప్పులు విడుస్తున్నాడు.

*

ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో ఎవరికీ తెలియదు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి, తాడు ముడి విప్పాడు. బొంతలన్నీ ఒకదాని మీద ఒకటి కింద పడ్డాయి.

“నాన్నా!” అని మిరియం లేవబోతే మణెమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఏసుదానం బొంతల్ని తన్నలేదు, తొక్కలేదు. ఒక్కొక్కటే దులిపి, అంచులు కలిపి మడతలు పెట్టాడు. వాటిలో పెళ్లాం చేతి కుట్టూ ఉంది కదా. మడతలన్నీ ఒక పక్క పేర్చి, వెళ్లి నల్లరాయి మీద అరచెయ్యి ఆన్చి నిలబడ్డాడు.

“బాబూ” అన్నాడు ఉమామహేష్‌తో. “ఇప్పుడు పెట్టు ఆ పాట.”

“అంకుల్, ఇందాక విన్నాం కదండి, గోడ ఉత్తిగా ఉంటే...”

“పెట్టు బాబూ. నీకు పున్నెముంటాది.”

పాట మళ్లీ మొదలైంది. మళ్లీ అదే గాలి, అదే గుజ్జు. సిన్నది లేదు, ఊపిరి లేదు. మణెమ్మకి చేతిలోంచి ఏదో లాక్కున్నట్టయింది. మొగుడి మీద ఇన్నేళ్లలో రానంత కోపం వచ్చింది. ఏం మనిషివయ్యా నువ్వు, దొరికినవాణ్ణి మళ్లీ పారేస్తావా అని అరవాలనిపించింది.

పాట ముగిసింది. ఏసుదానం రెండో చెయ్యి పైకెత్తాడు.

“ఆగండి. ఎవరూ మాటాడకండి.”

స్పీకర్లు ఆగిపోయాయి. గొంతు ఆగలేదు. పల్లవి మళ్లీ వచ్చి ఆగిన ఆ చివరి ‘రా’ గోడ మీద నుంచి లేచి, కప్పు కింద తిరిగి, ఫ్యానుల మధ్య నుంచి వెళ్లి, కిటికీల దగ్గర సన్నబడి, ఇంకా ఉంది. ఇంకా ఉంది. పోయిందనుకున్నాక కూడా కాస్త మిగిలింది. అప్పుడు పోయింది. ఏసుదానం ఎత్తిన చెయ్యి మెల్లిగా దించాడు.

“విన్నావా మణెమ్మా? పాట అయిపోయిందా? అయిపోయింది. అయినా ఆడు ఇక్కడే ఉన్నాడు. ఇప్పుడెల్లేడు.”

అరచేత్తో ఆ రాయిని ఒకసారి తుడిచాడు.

“రోజూ మజ్జానం పూట తాళం పట్టుకుని మందిరానికి ఎందుకెల్తావని అడిగేవు కదా. ఊడవడానికని సెప్పేను. ఊడవడానికి కాదే. మైకు దగ్గర ఫోను పెట్టుకుని ఈ పాట ఇంటాను. మాటలు నాకెందుకు? ఆడి మాటలన్నీ నాకు తెలుసు. ఆ ఆఖర్న మిగుల్తాది సూడు, దాని కోసం వస్తాను.”

“నాన్నా...” అంది మిరియం. ఆ గుంట గొంతులో ఇప్పుడు వాదన లేదు.

“మీరు బొంతలు కట్టేక గుమ్మం అవతల నిలబడి నేనూ విన్నాను. బాగుంది. అబద్ధమెందుకాడాల? ముక్కు పీల్సుకోడం కూడా వినబడింది ఎదవది.” నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “కానీ పాట అయిపోయిందో లేదో, టక్కున సచ్చిపోయేడే. ఆ రోడ్డు మీద పోయినట్టే. ఆదోరం ఆదోరం ఆణ్ణి అలగ సంపుకోలేనే నేను. నా వల్ల కాదు.”

మిరియం అక్కడే బండ మీద కూలబడిపోయింది. అచ్చియ్యమ్మ వెళ్లి ఆ గుంట తల నిమురుతూ కూర్చుంది. ఉమామహేష్ చేతిలోని వైరుని చుడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ చుడుతున్నాడు. బయట వాళ్ల వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. ఆ హారను కూడా గోడకి తగిలి రెండుసార్లు మోగింది.

అయ్యగారు కుర్చీలోంచి లేచారు. మణెమ్మ దగ్గరికి వచ్చి, వంగి, ఉన్న కాస్త గొంతుతో అన్నారు.

“అమ్మా, ఏసుదానం గారిని నేను బలవంతం చెయ్యలేను. సంఘానికి వాక్యం వినబడకుండానూ ఉంచలేను. నా వల్ల తేలేది కాదిది. మీరు కన్నతల్లి. మీరేది చెప్తే సంఘం అదే చేస్తుంది. నేను పూచీ.”

ఎంత తేలిగ్గా చెప్పేశారు! పెద్దలు కుటుంబం మీద పెట్టారు, అయ్యగారు తీసుకొచ్చి తన ఒక్కదాని మీద పెట్టారు. తను ఎవరి మీద పెట్టాలి? మణెమ్మ మందిరమంతా ఒకసారి చూసింది. ఎటు చూసినా ఎవరో చనిపోయినవాళ్ల పేరే. వాళ్లెవరూ ఇలాంటి పరీక్ష పెట్టలేదు తమవాళ్లకి. ఫ్యాను తిరిగితే చాలు.

ఆమె ఉమామహేష్ వైపు తిరిగింది.

“బాబూ, రెండూ వచ్చే స్పీకరు లేదా? మాటా తెలిసి, ఆకర్నా మిగిలేది?”

ఆ కుర్రాడు తల దించుకున్నాడు. “లేదమ్మా. గది ఏదో ఒకటే ఇస్తుందమ్మా.”

“ఇంకా మంచివి? ఎక్కడైనా, ఏ దేశంలోనైనా?”

“ఎక్కడా లేవమ్మా.”

ఊపిరి కావాలంటే మొగుడి చేతిలోంచి ఆ చివరి కాస్తా లాక్కోవాలి. ఆ కాస్తా ఉంచితే కొడుకు ఏమన్నాడో ఈ జన్మకి మళ్లీ తెలియదు, సంఘం చెదిరిపోతుంది, అయ్యగారి గొంతు పోతుంది. ఏది చెప్పినా వాణ్ణి రెండోసారి మట్టిలో పెట్టేది తనే. అన్యాయం! పాడి, రాసి, చచ్చిపోయినవాడికి తెలియదు ఇదంతా. బతికున్న ముగ్గురూ ఇలా ఒకళ్లనొకళ్లు పట్టుకుని పీక్కోవాలి. ఆమెకి దేవుడి మీద కూడా కోపం వచ్చింది, ఆయన ఇంట్లోనే కూర్చుని.

మిరియం కళ్లెత్తి తల్లినే చూస్తోంది. చేతిలో, నాన్న మడతపెట్టిన బొంతల్లో ఒకటి. గోడ దగ్గర ఏసుదానం ఇటు తిరగలేదు. అరచెయ్యి ఇంకా ఆ పేరు మీదే ఉంది. చొక్కా వీపు మీద చెమటకి అంటుకుపోయింది. ఎంత చిక్కిపోయాడీ మనిషి, ఎప్పుడు చిక్కిపోయాడు అనుకుంది మణెమ్మ.

లేచి నిలబడింది. ఏదో ఒకటి చెప్పాలి. నోరు తెరిచింది. ముందు అతన్ని పిలవాలి కదా. ఇదిగో అనబోయింది. ఇన్నాళ్లూ రాని మాట, ఆమెని అడగకుండానే వచ్చేసింది.

“ప్రేమ్ నాన్నా!”

గట్టిగానే వచ్చింది. వెళ్లి ఆ గోడకి తగిలింది.

నాన్నా... అంది గోడ. నాన్నా... అని కప్పు కింద ఇంకోసారి వినబడింది.

ఏసుదానం గిర్రున వెనక్కి తిరిగాడు. అతని కళ్లు ముందు పెళ్లాం మీద కాదు, ఆమె వెనక, గుమ్మం వైపు వెళ్లాయి. ఎవరో వచ్చారేమోనని వెతికాయి. వెతికి, వెతికి, ఎవరూ లేరని తెలుసుకుని, చివరికి ఆమె మొహం మీద ఆగాయి.

“ఏటే?” అన్నాడు.

అందరూ ఆమె మాట కోసమే చూస్తున్నారు. మణెమ్మ నోరు తెరిచే ఉంది. ఆ పిలుపు తరవాత ఏం చెప్పాలో ఆమెకి అప్పటికీ తెలియదు.